మా పెదనాయనకు డోలు ఎందుకు నచ్చిందంటే

మా పెదనాయన ఆదిమూలానికి వయొలిన్ పేరెత్తితే ఒళ్ళు మండేది. "అదొక దోమ. చెవి కాడ గుయ్యిమంటాది, కొడదామంటే చేతికి దొరకదు" అనేవాడు. పిల్లనగ్రోవి గురించి ఇంకా అన్యాయంగా మాట్లాడేవాడు. "పొయ్యి ఊదే గొట్టానికి బొక్కలు పెట్టి వాయిస్తే అది సంగీతమా?" ఇక రేడియోలో ఆడగొంతు వచ్చిందంటే, ఇంట్లో ఎవరైనా వింటున్నారా అని కూడా చూడకుండా లేచి వెళ్ళి కట్టేసేవాడు. మగవాళ్ళలో కూడా బొంగురు గొంతు వాళ్ళంటేనే ఆయనకు గురి. మొత్తం మీద ఆయన లెక్కలో ఈ భూమ్మీద సంగీతం అనదగ్గవి పెళ్ళిలో డోలు, గంగమ్మ జాతరలో పంబ, శవం ముందర పలక. మిగతాదంతా గొణుగుడు.

ఎందుకు పెదనాయనా అని అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది. "పాట అంటే కడుపులో తగలాల పాపా. చెవి కాడికి వచ్చి ఆడ్నే నిలబడిపోతే అది పాటెట్లయితాది?" ఇలా ఒకసారి కాదు, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. వాళ్ళు కాఫీ తాగుతూ నిజమే నిజమే అని తల ఊపేవాళ్ళు. నాకు మాత్రం ఆ మాట వినేకొద్దీ మంట పుట్టేది. ఇష్టం లేకపోతే ఇష్టం లేదని ఊరుకోవచ్చు గదా, దానికింత సిద్ధాంతం ఎందుకు?

నేను పాకాల పిల్లను. మా నాయన అక్కడ జంక్షన్‌లో రైల్వే ఉద్యోగి. సంగీతంతో ఆయనకున్న సంబంధం ఏ బండి ఏ రకంగా కూస్తుందో చెప్పడం వరకే. మా అమ్మ వైపు వాళ్ళు మాత్రం పాటగాళ్ళు. సత్యవేడు దగ్గర మెట్టపొలాలున్న కుటుంబం. కలుపు తీసినా పాటే, పిల్లను నిద్రపుచ్చినా పాటే. వాళ్ళందరిలోకీ గొంతున్నది మా అమ్మకు అక్క, శకుంతలమ్మ. మేనత్త కొడుకు ఆదిమూలాన్నే చేసుకుంది. పొలంలో బోరు ఎండిపోయాక ఇద్దరూ నగరి పక్కన ఏకాంబరకుప్పం చేరి, మరమగ్గాలు పెట్టుకున్నారు. 1995లో నాకు పుత్తూరులో డిగ్రీ సీటు వచ్చింది. ఏకాంబరకుప్పం నుంచి రైల్లో పోయి రావచ్చని మా వాళ్ళు నన్ను పెద్దమ్మ ఇంట్లో దించారు.

ఆ వీధిలోకి అడుగు పెట్టిన రోజు నాకు తలకాయ పగిలిపోతుందేమో అనిపించింది. ప్రతి ఇంటి ముందు భాగంలోనూ మగ్గాలే. పెదనాయన ఇంట్లో నాలుగు. పోగును లాక్కుపోయే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ పరిగెత్తుతుంటే ఇనుప సామాను కొట్లో కోతులు పడినట్టుండేది. గోడకు తగిలించిన అద్దం అదిరేది. మంచినీళ్ళ చెంబులో నీళ్ళు వణికేవి. ఆ మోతలో అరిచి గొంతు చించుకునేవాళ్ళు కొత్తవాళ్ళని చూడగానే తెలిసిపోయేది. పాతవాళ్ళు అరవరు. పెదవులు ఆడిస్తారు, అంతే. ఈ మూల నుంచి ఒకరు శబ్దం లేకుండా "టీ తాగినావా?" అంటారు, ఆ మూల నుంచి ఇంకొకరు "ఇంకా లే" అంటారు. అంతదూరంలో పోగు తెగిందని, ఇంటికి చుట్టాలొచ్చారని, పక్కింటామె అలిగి పుట్టింటికి పోయిందని అన్నీ పెదవుల మీదే నడిచిపోయేవి. నెల తిరక్కుండా నాకూ ఆ విద్య పట్టుబడింది. కాలేజీలో పరీక్ష హాల్లో అదెంత ఉపయోగపడిందో ఇక్కడ చెప్పడం బాగుండదు.

సాయంత్రం కరెంటు పోయేది. ఆ రోజుల్లో పోని రోజు లేదు. మోత ఒక్కసారిగా ఆగిపోతే వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి కబుర్లు మొదలుపెట్టేది. మా పెదనాయన మాత్రం అరుగు మీద గోడకు ఆనుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడు. పిలిచినా పలికేవాడు కాదు. "కరెంటు పోతే మా బావకు మౌనవ్రతం" అని పెద్దమ్మ నవ్వేది. పొద్దంతా మగ్గాల మధ్య నలిగిన మనిషి, కాసేపు నిమ్మళంగా ఉండనీ అని వీధిలోవాళ్ళు కూడా ఆయన్ను కదిలించేవాళ్ళు కాదు.

పెద్దమ్మ గొంతు సన్నంగా, తేటగా ఉండేది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో శుభకార్యమైనా హారతి పాటకు ఆమెనే పిలిచేవాళ్ళు. మద్రాసు రేడియోలో పొద్దున కచేరీ వస్తే వంటింట్లో చిన్నగా పెట్టుకుని వయొలిన్ వెంట తనూ రాగం తీసేది. "పెళ్ళికి ముందు మీ పెదనాయన మా ఇంటికి వచ్చినప్పుడు నేను పాడతా ఉంటే, పాట అయ్యేదాకా గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు పాపా. చెప్పులు చేతిలో పట్టుకోని ఆడ్నే నిలబడేవాడు" అని నాకు చెప్పింది. అది చెప్పినప్పుడు ఆమె ముఖం చూడాలి. ఆ మనిషే ఇప్పుడు ఆడగొంతు వింటే రేడియో కట్టేస్తున్నాడు. "వయసైతే మొగోళ్ళకు రుచులు మారతాయిలే" అని తనకు తాను సర్దిచెప్పుకునేది. కానీ కచేరీ పెట్టే ముందు ఆయన ఇంట్లో ఉన్నాడా లేడా అని ఒకసారి ముందు వైపు తొంగి చూసేది.

నేను వచ్చిన మొదటి ఏడాదే ఆ సంగతి జరిగింది. పక్కింటి పంకజాక్షి కూతురు పెద్దమనిషి అయింది. సమర్త పెద్దగా చేశారు. ఆ రోజు మగ్గాలన్నీ ఆపేశారు. పిల్లను పీట మీద కూర్చోబెట్టి హారతి పళ్ళెం పెద్దమ్మ చేతికిచ్చారు. ఆమె తల వంచి, పళ్ళెంలో దీపం వైపు చూస్తూ పాట ఎత్తుకుంది. పందిట్లో మాటలు సద్దుమణిగాయి. సరిగ్గా అప్పుడు ఎదురుగా, నాలుగు మూరల దూరంలో కూర్చున్న పెదనాయన పక్కనున్న మనిషితో గట్టిగా అందుకున్నాడు. "అయినా డోలంటే ధర్మరాజుల గుడికాడ వరదయ్య వాయించినాడు సూడు, అదీ డోలు! ఈ కాలంలో మిగతావోళ్ళు వాయించేది కూడా వాయిద్యమేనా?"

పందిరంతా ఆయన్నే చూసింది. ఆయన ఆపలేదు. వరదయ్య ఎలా వాయించాడో తొడ మీద చేత్తో కొట్టి చూపించాడు కూడా. పెద్దమ్మ పాట మధ్యలో ఆగిపోయింది. మా వైపు హారతి పాట మధ్యలో ఆగకూడదు, పిల్లకు మంచిది కాదంటారు. పంకజాక్షి అత్తగారు గబగబా మిగతా చరణం ఎలాగో లాగించి హారతి ముగించింది. పెద్దమ్మ పళ్ళెం కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, భోజనం కూడా చెయ్యకుండా ఇంటికి వచ్చేసింది.

నేను వెనకే వచ్చాను. ఆమె ఏడవలేదు. చీర మడతపెడుతూ, "నా గొంతు మా బావకు చేదయిపోయింది పాపా. నలుగుర్లో చెప్పినాడు. ఇంక నేను పాడితే సిగ్గులేనిదాన్నే" అంది. ఆ సాయంత్రం పెదనాయన విందు భోజనం చేసి, తాంబూలం నములుతూ ఇంటికి వచ్చి, "ఏం శకుంతలా, తలనొప్పా? అట్లా వచ్చేసినావే" అని అడిగాడు. నాకు ఆయన నోట్లో తమలపాకు లాగేయాలన్నంత కోపం వచ్చింది.

ఆ తర్వాత ఆమె పాడలేదు. పిలుపులకు పోతే పోయేది, పసుపు కుంకుమ తీసుకుని వచ్చేసేది. పాడమంటే గొంతు బాగలేదనేది. రేడియో వంటింటి అటక ఎక్కింది. పాట పోయిన చోటికి తిట్టు వచ్చి చేరింది. పొద్దున్నే ముందు గదిలో మగ్గాలు నడుస్తుండగా ఆమె ఒక మూల రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆ వీధిలో మొగుణ్ణి ఎదురుగా తిట్టడానికి లేదు, పెదవులు చదివేస్తాడు. అందుకని గోడ వైపు తిరిగి కూర్చుని తిట్టేది. ఆ గోడ పక్కనే నేను పుస్తకం పట్టుకుని ఉండేదాన్ని కాబట్టి నాకు ఒక్కటీ తప్పిపోయేది కాదు. "డోలంట, డోలు! ఉండు, నువ్వు పోయినాక నీ ముందర వాయిస్తార్లే కడుపు నిండా. ఆ వరదయ్యనే పెండ్లి చేసుకోవాల్సింది." కండె కండెకూ ఒక కొత్త తిట్టు. చదువు కంటే అదే బాగుండేది. కానీ ఒక్కోసారి తిడుతూ తిడుతూ ఆమె కళ్ళు తుడుచుకునేది. అప్పుడు నేను పుస్తకంలోకి చూసేదాన్ని.

ఇలా రెండేళ్ళు గడిచిపోయాయి. నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా, ఒక సాయంత్రం కరెంటు పోయింది. పెద్దమ్మ గుడికి పోయింది. నాకు మరుసటి రోజు పరీక్ష. దీపం వెలిగిద్దామంటే అగ్గిపెట్టె కనబడలేదు. పెదనాయన అరుగు మీద ఉన్నాడు, బీడీ తాగుతాడు కాబట్టి ఆయన జేబులో అగ్గిపెట్టె ఉంటుంది. గడపలో నిలబడి అడిగాను. పలకలేదు. దగ్గరికి వెళ్ళి అడిగాను. ఊహూ. మౌనవ్రతం మీద నాకున్న పాత కోపమంతా పైకి వచ్చింది. "ఏం పెదనాయనా, చెవుడా నీకు?" అని అరిచాను. వీధి అవతల అరుగు మీద వాళ్ళు తిరిగి చూశారు. ఆయన చూడలేదు.

అప్పుడే కరెంటు వచ్చింది. వీధి దీపం వెలుగులో ఎదురుగా నా ముఖం చూసి ఉలిక్కిపడి, "ఏం పాపా, ఏం కావాల? ఎప్పుడొచ్చినావు?" అన్నాడు.

వీధిలో మగ్గాలు ఇంకా మొదలుకాలేదు. నేను చేతిలో ఉన్న పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని, "పెదనాయనా, అన్నం తిన్నావా?" అన్నాను.

"ఆ పుస్తకం తీసి మాట్లాడు" అన్నాడు.

తియ్యలేదు. ఇంకొంచెం గట్టిగా, "నేను ఏమన్నానో చెప్పు" అన్నాను. ఆయన నన్ను చూశాడు, పుస్తకాన్ని చూశాడు. బీడీ పారేసి, పక్కన కూర్చోమని అరుగు మీద చేత్తో తట్టాడు.

"ఎవురితోనూ అనొద్దు" అన్నాడు. "నాలుగైదేండ్లాయ. రాయవేలూరుకు పోయి సూపించుకున్నా. మగ్గం మోతకు చెవి నరం సచ్చిపోయిందన్నాడు డాక్టరు. సన్న శబ్దాలు ముందు పోతాయంట, లావు శబ్దాలు కడాన పోతాయంట. అట్నే అయింది. ఫిడేలు పోయ, పిల్లనగోయి పోయ, ఆడోళ్ళ గొంతు పోయ. రేడియోలో పాట వస్తా ఉంటే ముక్క వినపడతాది, ముక్క వినపడదు. ఆ కంపరం పడలేక కట్టేస్తా. డోలు మాత్రం," అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, "ఈడ తగలతాది."

"మరి మాటలు?"

"ఈ వీధిలో చెవితో వినేదెవురు పాపా? ముఖం కనపడితే సాలు. చీకట్లోనే కష్టం."

"మగ్గంలో పోగు తెగితే?"

"చెయ్యి పెడితే తెలుస్తాది."

ఇన్నాళ్ళూ ఆయన చెప్పిన దోమ సిద్ధాంతం, ఊదుగొట్టం సిద్ధాంతం, కడుపులో తగలాలనే సిద్ధాంతం అన్నీ నా ముందు వరసగా కూలిపోయాయి. నాకు నవ్వు రాలేదు. "పెద్దమ్మకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"దానికా! దానికి చెప్తే ఇంకేమన్నా ఉండాదా? పాడేది మానేస్తాది." ఆయన గొంతు తగ్గించాననుకుని గట్టిగానే అన్నాడు. "ఆయనకే వినపడనప్పుడు నేనెవురి కోసం పాడేదని కూసుంటాది. నాకు తెలవదా దాని సంగతి? ఇప్పుడైతే పొద్దున్నే కండెలు చుట్టేటప్పుడు దాని పాటికది పాడుకుంటా ఉండాది గదా. నేను మగ్గం కాణ్ణించి సూస్తా ఉంటా. గోడ తట్టు తిరిగి పాడతాది, ఏం పాటో తెలవదు, దవడ ఆడేది కనపడతాది. దాన్ని బట్టి నా పాటికి నేను తాళం వేసుకుంటా ఉంటా. అది సాలు నాకు."

అగ్గిపెట్టె అడిగి తీసుకుని లోపలికి వచ్చాను. అగ్గిపెట్టెతో ఇంక పని లేదని కూడా గుర్తు రాలేదు.

ఎవరితోనూ అనొద్దన్నాడు. రహస్యం దాచడం మా వంశంలోనే లేదు, ఆయన ఒక్కడికే ఎలా వచ్చిందో తెలియదు. పెద్దమ్మ గుడి నుంచి వచ్చి ప్రసాదం నా చేతిలో పెట్టగానే, వంటింటి తలుపు దగ్గరికి వేసి మొత్తం చెప్పేశాను. ఆమె మొదట నమ్మలేదు. "నేను మాట్లాడితే జవాబు చెప్తా ఉండాడు గదా" అంది. తర్వాత కరెంటు పోయినప్పటి మౌనవ్రతం గుర్తొచ్చి పీట మీద కూలబడింది.

"సమర్త కాడ?" అని అడిగింది. "ఆ పొద్దు?"

"నువ్వు తల వంచుకుని పాడినావు పెద్దమ్మా. నీ ముఖం కనపడలే. నువ్వు పాడుతున్నట్టే ఆయనకు తెలీదు."

తర్వాత తాళం సంగతి చెప్పాను. "తాళమా?" అంది. "నేను ఆయన్ని తిడతా ఉంటే, ఆయన తాళమేస్తా ఉన్నాడా?" నవ్వు వచ్చింది ఆమెకు. నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి, అది ఎక్కడ ఏడుపు అయిందో నాకు తెలియలేదు. "రెండేండ్లు" అంది. "రెండేండ్లు నేను ఎన్నెన్ని మాటలన్నాను. ఆయన నా పాట పోకూడదని ఈ బాధంతా లోపల పెట్టుకోని కూసున్నాడే." నాకు కూడా కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆ రాత్రి ఆమె ఆయనకు అన్నం పెట్టేటప్పుడు ఎదురుగా కూర్చుని, ముఖం ఆయనకు కనబడేటట్టు తిప్పి మాట్లాడింది. ఆయన పప్పు బాగుందన్నాడు.

పొద్దున్నే మగ్గాలు మొదలయ్యాయి. నాకు పదింటికి పరీక్ష, అయినా నా పుస్తకం పట్టుకుని ఆ గోడ దగ్గరే కూర్చున్నాను. పెద్దమ్మ తల దువ్వుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. రాట్నం ఎత్తి గోడ వైపు నుంచి ఈ వైపుకు తిప్పి పెట్టింది. మగ్గాల మధ్య నిలబడ్డ ఆయనకు సరిగ్గా ఎదురుగా కూర్చుని, కండె ఎక్కించి, పాట ఎత్తుకుంది.

ఆ మోతలో ఆమె గొంతు నాకు వినబడలేదు. ఆమెకు కూడా వినబడి ఉండదు. పెదవుల మీదే పట్టుకున్నాను. పందిట్లో ఆగిపోయిన హారతి పాట అది, మొదటి నుంచి మొదలుపెట్టింది. పెదనాయన తలెత్తి చూశాడు. చేతిలో పని ఆగింది. అలవాటుగా మగ్గం చట్రం మీద వేలితో తాళం వెయ్యబోయి ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత అందుకున్నాడు. పల్లవి చివర ఆమె ఒక అక్షరాన్ని లాగి, ఊపిరి తీసుకుని మళ్ళీ కిందికి దిగుతుంది. ఆమె అక్కడికి రాకముందే ఆయన వేలు గాల్లో ఆగింది. ఆమె లాగినంతసేపూ అలాగే ఆగి ఉండి, ఆమె దిగగానే తనూ దిగింది. చెప్పులు చేతిలో పట్టుకుని గడప బయట నిలబడ్డ రోజుల్లో విన్నది, ఒక్క మాత్ర కూడా మరిచిపోలేదు ఆ మనిషి. పెద్దమ్మ అది చూసింది. చరణంలో ఆమె పెదవులు వణికాయి, కానీ ఈసారి పాట ఆపలేదు. చివరి వరకు పాడింది.

పాట అయ్యాక పెదనాయన మగ్గాల అవతల నుంచి పెదవులతో అన్నాడు: "ఎన్నాళ్ళకు శకుంతలా, పాత పాట పాడినావు! గోడ తట్టు తిరిగి పాడతావే ఆ కొత్తవి, వాటికి ఎంత సూసినా నాకు తాళం కుదర్లే."

"అవి మంచి పాటలు కాదులే బావా" అంది పెద్దమ్మ.